భోగినాటి తలంటు

రెండు వారాలు ఈ పేజీలో నేను కనబడకపోయేసరికి పాఠకులు కొందరు ఉత్తరాలు రాశారు. తణుకు నుంచి ఒకాయన, "మాస్టారికి సంక్రాంతి సెలవులు ఇంకా తీరలేదు కాబోలు" అని ఎత్తిపొడిచారు. భీమవరం నుంచి ఒక అమ్మాయి, ఒంట్లో బాగుందా అని ఆదుర్దాగా అడిగింది. ఒంట్లో బాగానే ఉందమ్మా. కంట్లోనే బాగులేకపోయింది. కుడికంటికి శుక్లం తీయించుకున్నాను.

నలభయ్యారేళ్ళకే శుక్లమేమిటని మీకు తోచవచ్చు. మా స్టాఫ్‌రూములో అందరికీ అదే తోచింది. నాకూ అదే తోచడం వల్లనే రెండేళ్ళు వృథాగా గడిపేశాను. ఎండలో గోదావరి గట్టు మీద నడిస్తే ఎదురుగా వచ్చే మనిషి వెలుతుర్లో కరిగిపోయేవాడు. క్లాసులో కిటికీల వైపు కూర్చున్న పిల్లల మొహాలు కనిపించేవి కావు. వాళ్ళు నవ్వుతున్నారో, నిద్రపోతున్నారో తెలిసేది కాదు. కొవ్వూరు నుంచి రాత్రిపూట రోడ్డు వంతెన మీద వస్తుంటే ఎదుటి లారీ దీపాలు చీకట్లో చిచ్చుబుడ్లలా విచ్చుకునేవి. చిత్రమేమిటంటే, సాయంత్రం నీరెండలోనూ, నీడపట్టునా నాకు చూపు బాగానే ఉండేది. మా ఆవిడ దీనికి పిల్లి చూపు అని పేరు పెట్టింది. నేను మూడుసార్లు కళ్ళద్దాలు మార్చాను. కళ్ళజోళ్ళ దుకాణం అతను మాత్రం బాగుపడ్డాడు.

కార్తీకమాసంలో, ఒకనాడు పాఠం చెపుతూ పద్యంలో ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంగా చదివి అర్థం కూడా చెప్పేశాను. పిల్లలెవరూ పట్టుకోలేదు. పట్టుకోలేదన్న సంగతి వేరే బాధ. ఆ సాయంత్రమే రాజమండ్రిలో ఒక కంటి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను.

చిన్నావిడే. వాళ్ళ అన్నయ్య ఒకప్పుడు నా విద్యార్థి. చుక్కలు వేసి, కనుపాప విచ్చుకున్నాక, గడ్డం ఆనించి చూసే స్లిట్ ల్యాంపు యంత్రం ముందు కూర్చోబెట్టి చాలాసేపు చూసింది. చూస్తున్నంతసేపూ ఏదో కబుర్లు చెపుతున్న మనిషి ఉన్నట్టుండి మాట మానేసింది. డాక్టర్లు మాట మానేస్తే రోగికి ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

"మాస్టారూ, మీ ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులో శుక్లాలు వచ్చాయా?" అని అడిగింది.

"మా నాన్నగారికి వచ్చాయి" అన్నాను.

"ఆపరేషను చేశారా?"

"చేశారు. కన్ను పోయింది."

ఆవిడ తల ఊపి, "రేపు అమ్మగారినడిగి పాత కాగితాలేమైనా ఉంటే తీసుకురండి. ఈలోగా మీ కంటికి ఫొటోలు తీద్దాం" అంది.

నాన్నగారి కన్ను పోయిన కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఆయన కోనసీమలో ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు. యాభై దాటకముందే రెండు కళ్ళూ మసకబారాయి. 1994 డిసెంబరు ఆఖర్లో, అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు దిద్దడం ముగించుకుని, ఎడమకంటికి ఆపరేషను చేయించుకున్నారు. ఏ ఊళ్ళో, ఏ ఆస్పత్రిలో అన్నది ఇప్పుడు అప్రస్తుతం. అరగంట పని అన్నారట. రెండు గంటల పైన పట్టింది. బయటికి తీసుకువచ్చాక, "కొంచెం కష్టమైంది, ఫరవాలేదు" అన్నారు. చుక్కలు ఇచ్చారు. పథ్యం చెప్పారు. ఇంటికి వచ్చాం.

పదిహేను రోజులకు భోగి వచ్చింది. నాన్నగారికి ఆ కంట్లో చూపు అంతంతమాత్రంగా తేలింది. అయినా పండగ పండగే. తెల్లవారగట్ల భోగిమంట దగ్గర కాగిన నీళ్ళతో అమ్మ ఆయనకు తలంటి పోసింది. "కళ్ళు గట్టిగా మూసుకోండి" అని నాలుగైదుసార్లు చెప్పడం నాకు గుర్తే. నేనప్పుడు పదో తరగతి. మంటలో పిడకల దండ వేస్తున్నాను. కుంకుడు రసం ఒక చుక్క కంట్లోకి పోయింది కాబోలు, ఆయన "అబ్బా" అన్నారు. అంతే. నెల తిరక్కుండా ఆ కంటికి కిందినుంచి నల్లటి తెర లేచింది. వారం రోజుల్లో తెర పైదాకా మూసుకుంది. మళ్ళీ తీసుకువెళితే, కంటి వెనక రెటీనా ఊడిందన్నారు, ఆలస్యమయిందన్నారు.

మా నాయనమ్మ పెరట్లో నిలబడి, "తలంటి పోసి వాడి కన్ను తీశావే" అంది. ఆ మాట ఊళ్ళో పడింది. పేరంటానికి వెళితే అక్కడికి వచ్చింది, నూతి దగ్గరికి వచ్చింది. నాన్నగారు మాత్రం అమ్మను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అవునని గాని, కాదని గాని అనలేదు. నాకిప్పుడనిపిస్తుంది, కాదని ఒక్కసారి అన్నా బాగుండేదని.

ఆ తరవాత ఆయన రెండో కంటికి ఆపరేషను ఒప్పుకోలేదు. పదహారేళ్ళు, 2011లో పోయేదాకా, ఆ మసకచూపుతోనే గడిపారు. సాయంత్రాలు పేపరూ, వారపత్రికలూ నేను చదివి వినిపించేవాణ్ణి. సీరియలు మంచిపట్టులో ఆగిపోతే "వీడి దుంపతెగ" అనేవారు. అమ్మ ఆ ఏటి నుంచి భోగినాడు ఎవరికీ తలంటి పోయలేదు. నా పెళ్ళయ్యాక మొదటి భోగికి కూడా మా ఆవిడే పోసింది. కారణం ఎవరూ అడగలేదు.

ఇహ నా ఫొటోల సంగతి. కంటికి ఫొటో అంటే నేను కెమెరా అనుకున్నాను. ఇది వేరు. ఓసీటీ అంటారు. 1991లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు దీన్ని లోకానికి చూపించారు. నూతిలోకి కేక వేస్తే మారుమోగి వస్తుంది గదా. ఎంత ఆలస్యంగా వస్తే నుయ్యి అంత లోతు. ఇక్కడ కేకకు బదులు కంటికి కనబడీ కనబడని వెలుగు. కాకపోతే వెలుగు వేగాన్ని ఏ గడియారమూ అందుకోలేదు గనుక, ఒక కిరణాన్ని రెండుగా చీల్చి ఒకదాన్ని కంట్లోకీ, ఇంకొకదాన్ని అద్దం మీదికీ పంపి, తిరిగి వచ్చిన రెండింటినీ కలిపి చూసి లోతు పట్టుకుంటారు. సూది లేదు, తాకడం లేదు. గడ్డం పెట్టి ఒక చుక్కకేసి చూస్తూ ఉంటే నిమిషాలలో అయిపోయింది. తెర మీద నా కన్ను నిలువునా కోసిన కాయలా, పొరలు పొరలుగా కనబడింది.

ఆ బొమ్మలో ఏముందో చెప్పాలంటే ముందు కంట్లో ఏముందో చెప్పాలి. గోదావరి జిల్లాలలో తాటిముంజె తినని వాళ్ళుండరు గనుక నా పని సుళువు. కనుపాప వెనక ఉండే కటకం ముంజె లాంటిది. చుట్టూ సన్నటి పొర, లోపల గుజ్జు. గుజ్జు తెల్లబడితే, పచ్చబడితే అది శుక్లం. ఈ రోజుల్లో ఆపరేషను అంటే ముందువైపు పొరను గుండ్రంగా చించి, లోపలి గుజ్జును ముక్కలు చేసి పీల్చేసి, వెనకవైపు పొరను మాత్రం చెక్కుచెదరకుండా ఉంచాలి. ఆ ఖాళీ సంచిలోనే కొత్త కటకాన్ని కూర్చోబెడతారు. అసలు కష్టమంతా ఆ వెనకపొరతోనే. దాని మందం మధ్యభాగంలో సుమారు 4 మైక్రాన్లు. తలవెంట్రుక 70 మైక్రాన్లనుకుంటే అందులో పదిహేడో వంతు. మన ఆత్రేయపురం పూతరేకు దీని ముందు గోనెపట్టా.

ఆ పొరకు వెనకాల, కంటిగుడ్డు నిండా, కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగురు ఉంటుంది. విట్రియస్ అంటారు. పొర చిరిగితే ఈ జిగురు ముందుకి తోసుకు వస్తుంది. వస్తూ వస్తూ, తనకు అంటుకుని ఉన్న రెటీనాని లాగుతుంది. గుజ్జు ముక్కలు చిరుగులోంచి జారి కంటి అడుక్కి పడిపోవచ్చు. చిరిగిన ప్రతి కన్నూ పోతుందని కాదు. చేయితిరిగిన వాళ్ళు వెంటనే సర్దితే చాలా కళ్ళు దక్కుతాయి. కాని ఆ గడ్డురోజులు వారాల తరవాత, నెలల తరవాత కూడా వస్తాయి. రెటీనా ఊడటం అలాంటిదే.

నాకున్నది మామూలు శుక్లం కాదట. కటకం వెనకవైపు సరిగ్గా నడిమధ్యన, ఆ సన్నటి పొరనంటుకుని, నాణెంలాంటి మచ్చ. చుట్టూ వలయాలు. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనిపించే చక్రాల్లా ఉంటాయని డాక్టర్లు ఉల్లిపాయ పేరే పెట్టుకున్నారు. ఇది తరచు పుట్టుకతోనే ఉంటుంది. కొన్ని కుటుంబాలలో తండ్రి నుంచో, తల్లి నుంచో బిడ్డలకు వస్తుంది. ముప్పై, నలభై ఏళ్ళు వచ్చాక బాధ పెట్టడం మొదలెడుతుంది. కాంతి వచ్చే దారికి సరిగ్గా మధ్యలో ఉంటుంది గనుక, ఎండలో కనుపాప చిన్నదైనప్పుడు మచ్చ ఒక్కటే అడ్డం. నీడలో కనుపాప విచ్చుకుంటే పక్కల నుంచి చూపు దొరుకుతుంది. నా పిల్లి చూపుకి ఇదీ శాస్త్రం.

ప్రమాదమేమిటంటే, ఆ మచ్చ కింద పొర పుట్టుకతోనే బలహీనంగా ఉండవచ్చు. ఒక్కొక్కప్పుడు అసలు పొరే ఉండకపోవచ్చు. అహ్మదాబాదులో అభయ్ వాసవాడగారు ఇలాంటి 25 కళ్ళకు ఆపరేషన్లు చేసి 1999లో ప్రకటించిన లెక్కలో, 9 కళ్ళలో వెనకపొర చిరిగింది. అంతటి చేయి ఉన్న మనిషికే అలా అయితే మిగతావారి మాట చెప్పేదేముంది! ఆ తరవాత పద్ధతులు మారి ఆ సంఖ్య బాగా తగ్గిందనుకోండి.

డాక్టరమ్మ తెర మీద వేలుపెట్టి చూపించింది. "ఇదిగో మాస్టారూ, ఈ గీత మీ వెనకపొర. ఇటునుంచి ఇక్కడిదాకా సాఫీగా వచ్చింది. మచ్చ దగ్గర తెగినట్టుంది చూశారా? అటుపక్క మళ్ళీ మొదలయింది." నాకు గీత కనబడింది. తెగడం కూడా కనబడింది. పద్యంలో యతి తప్పినచోట గతుక్కుమన్నట్టే ఇక్కడా గతుక్కుమన్నాను.

"అయితే చిరుగు ఉన్నట్టేనా?"

"ఉందని ప్రమాణం చేయలేను. బొమ్మలో మచ్చ నీడ పడి తెగినట్టు అనిపించవచ్చు. బొమ్మలో సాఫీగా కనబడి లోపల చిరిగేవీ ఉంటాయి. కాని ఉందనుకునే చేస్తాను" అంది.

ఉందనుకుని చేస్తే ఏమిటి తేడా అని అడిగాను. అడగకపోతే నేను మాస్టర్నెలా అవుతాను? మామూలు ఆపరేషనులో పొరకీ గుజ్జుకీ మధ్యకి నీళ్ళు జొనిపి గుజ్జును వదులు చేస్తారు. ముంజెను బొటనవేలితో తోలు నుంచి వదిలించినట్టు. మచ్చ ఉన్న కంట్లో అదే పని చేస్తే నీటి ఒత్తిడికి వెనకపొర ఫట్టున పగులుతుంది. అంచేత ఆ నీళ్ళు అక్కడ పెట్టరు. గుజ్జు లోపలి పొరల మధ్యనే పెట్టి, పైవరుసను పరుపులా వెనకాల వదిలేసి, నడిమి గట్టిభాగాన్ని ముందు తీసేస్తారు. యంత్రం వేగం తగ్గిస్తారు. కంట్లోంచి పరికరం బయటికి తీసేముందు జెల్లీ లాంటి మందు నింపి, లోపల ఒత్తిడి ఒక్కసారిగా పడిపోకుండా చూస్తారు. మచ్చను అన్నిటికన్నా ఆఖర్న ముట్టుకుంటారు. పొర చిరిగితే సంచి ముందు కూర్చోపెట్టే రకం కటకాన్నీ, జిగురు ముందుకి వస్తే కోసి తీసే పరికరాన్నీ బల్ల మీద సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంత ఏర్పాటూ ఆ గీత తెగినట్టు కనబడినందుకు.

ఇలాంటి ఫొటోలు ఇంకా చాలా ఉన్నాయి. కంటి ముందరి నల్లగుడ్డు అద్దం లోపలివైపు కణాలను లెక్కబెట్టేది ఒకటి. పెద్దవాళ్ళకు చదరపు మిల్లీమీటరుకి రెండున్నర వేలదాకా ఉంటాయి, పోయినవి మళ్ళీ పుట్టవు. బాగా తక్కువుంటే ఆపరేషను తరవాత అద్దం మసకబారవచ్చు. శుక్లం ముదిరి వెనక ఏమీ కనిపించనప్పుడు, కడుపుతో ఉన్నవాళ్ళకి తీసే స్కానింగులాగే కంటికీ తీసి, రెటీనా దాని చోట అదుందో లేదో చూస్తారు. మా లెక్కల మాస్టారికి ఇరవై ఏళ్ళ చక్కెరజబ్బు. ఆయనకు రెటీనా నడిమికి ఓసీటీ తీసి, నీరు దిగిందని కనిపెట్టి, "శుక్లం తీసినా మీకు సగం చూపే వస్తుంది, ముందు దీని సంగతి చూద్దాం" అన్నారు. ఆయన సరేనన్నారు. ఆపరేషను తరవాత వచ్చిన సగం చూపుకే సంతోషించారు. ముందు చెప్పకుండా అదే సగం ఇస్తే డాక్టరు మీద కేసు వేసే మనిషి ఆయన!

ఫొటోలు పనికిరాని విషయాలూ ఉన్నాయి. మూత్రం సాఫీగా రాక ప్రోస్టేటుకి టామ్సులోసిన్ మాత్ర వేసుకునే పెద్దవాళ్ళు ఆ సంగతి కంటి డాక్టరుకి తప్పక చెప్పాలట. ఆ మాత్రవల్ల ఆపరేషను మధ్యలో కనుపాప తడిగుడ్డలా అల్లాడి కుంచించుకుపోతుంది. మన పెద్దలు కంటికీ దానికీ ఏమిటి సంబంధమని, కొంత సిగ్గుపడీ చెప్పరు. మీ ఇంట్లో తాతగారుంటే ఈ ముక్క వినిపించండి.

అలాగని కంటికి ఉన్న యంత్రాలన్నిటి ముందూ కూర్చోబెట్టి, పెళ్ళి ఆల్బములాగ రంగుల పుస్తకం చేతికిచ్చి, బిల్లు వేసే చోట్లు కూడా చూశాను. ఆ పుస్తకం ఎవరూ విప్పరు. నా మచ్చను మొదట పట్టుకున్నది ఓసీటీ కాదు. కనుపాప విప్పి, ఓపికగా స్లిట్ ల్యాంపులో చూసిన కన్ను. ఆ యంత్రం ఏ చిన్న ఊరి ఆస్పత్రిలోనయినా ఉంటుంది.

మర్నాడు అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. పొలం దస్తావేజుల కింద, నాన్నగారి సర్వీసు రిజిస్టరు నకళ్ళ మధ్య, నాలుగు మడతలు పెట్టిన పసుపుపచ్చని కాగితం. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన చీటీ. తేదీ 29-12-94. ఇంగ్లీషులో డాక్టరు గొలుసుకట్టు రాత. ముప్పయ్యేళ్ళుగా అది మా ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఇద్దరు బడిపంతుళ్ళం. ఎవరం దాన్ని చదవలేదు.

డాక్టరమ్మ దాన్ని దీపం కింద పెట్టి చదివింది. "పి.సి. రెంట్. విట్రియస్ లాస్" అని రెండు ముక్కలు పైకి చదివి, కాసేపాగి, నాకు తెలుగులో చెప్పింది. వెనకపొర ఆపరేషను బల్ల మీదే చిరిగింది. జిగురు బయటికి వచ్చింది. అది సర్దడానికే రెండు గంటలు పట్టి ఉంటుంది.

"నాన్నగారిదీ మీలాంటి మచ్చే అయి ఉంటుందా అంటే, చెప్పలేను. శుక్లం బాగా ముదిరి ఉంటే మచ్చ వెనక దాగిపోతుంది, స్లిట్ ల్యాంపుకీ దొరకదు. ఆనాటికి ఈ ఫొటోలు లేవు. వయసునిబట్టీ, మిమ్మల్ని బట్టీ చూస్తే అవడానికి అవకాశం ఉంది. చేసిన డాక్టరుగారిని తప్పుపట్టను. కాని ఇది మీ అమ్మగారికి ఎవరైనా చెప్పి ఉండవలసింది" అంది.

భోగి తలంటు గురించి అడిగాను. ఆవిడ నవ్వలేదు. "ఆపరేషనయిన కంట్లో నీళ్ళు పడకూడదన్న మాట నిజమే. పడితే చీము పడుతుంది, ఎర్రబడుతుంది, నొప్పి చేస్తుంది. అవేవీ రాలేదంటున్నారు. నల్లతెర లేచింది జిగురు లాగినందువల్ల. తలంటు పోయకపోయినా లేచేది" అంది.

పథ్యం తప్పడం మీదికి నేరం తోయడం మనకి కొత్త కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలో కంటికి శలాక పెట్టి శుక్లాన్ని తోసే చికిత్స ఉంది. చేయించుకున్నవాడు తుమ్మరాదు, దగ్గరాదు, త్రేన్చరాదు, కదలరాదు అని అక్కడా నియమాలున్నాయి. ఆ చికిత్సకి అవి అవసరమే. కాని తుమ్మకుండా ఎవడుంటాడు? కన్ను చెడితే తుమ్ము సిద్ధంగా దొరుకుతుంది. మా ఇంట్లో తుమ్ముకి బదులు అమ్మ దొరికింది.

ఇది మా ఒక్క ఇంటి గొడవ అని నేననుకోను. 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనమని ఒకటి జరిగింది. హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు చేశారు. ఎల్వీ ప్రసాద్ అంటే మన సినిమాల ప్రసాద్‌గారే. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి, ఆ సంస్థకి స్థలమూ, ధనమూ ఇచ్చినాయన. ఆ అధ్యయనంలో హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్‌లతోబాటు మన పశ్చిమ గోదావరి పల్లెలూ ఉన్నాయి. మొత్తం 10,293 మంది కళ్ళు పరీక్ష చేశారు. శుక్లాలున్నవాళ్ళనే కాక, శుక్లాలు తీయించుకున్నవాళ్ళనీ చూశారు. తీయించుకుని కూడా చూపు సరిగా రానివాళ్ళు వాళ్ళలో తక్కువేమీ లేరు. దేశం మొత్తం మీద 2015-19 సర్వేలో, యాభై దాటిన గుడ్డివారిలో నూటికి 66 మందికి కారణం శుక్లాలని తేలింది. అదే సర్వేలో నూటికి 7 మందికి కారణం శుక్లాల ఆపరేషనులో వచ్చిన చిక్కులు. మొదటి అంకె అందరూ చెపుతారు. ఆ రెండో అంకెలో మా నాన్నగారిలాంటి వాళ్ళుంటారు. వాళ్ళ ఇళ్ళల్లో మా అమ్మలాంటి వాళ్ళు కూడా ఉండి ఉంటారు. వాళ్ళను ఏ సర్వేవాళ్ళూ లెక్కబెట్టలేదు.

చీటీ సంగతి అమ్మకి ఆ రాత్రే చెప్పాను. నాకు తెలిసినంతలో విడమర్చి, ముంజె ఉపమానంతో సహా చెప్పాను. ఆవిడ అంతా విని, "అయితే ఆయనకీ తెలీదన్నమాట" అంది. ఇంకేమీ అనలేదు. చీటీ పుచ్చుకుని, మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి, ఈసారి ట్రంకుపెట్టెలో కాక దేవుడి గూట్లో పెట్టింది. మా ఆవిడ "అత్తయ్యగారూ, కాఫీ తాగుతారా?" అని రాత్రి తొమ్మిదింటికి ఎందుకడిగిందో నాకు తెలియదు. అమ్మ తాగుతానంది.

జనవరి మొదటి వారంలో నా ఆపరేషను. నలభైఅయిదు నిమిషాలు పడుతుందని ముందే చెప్పారు. అందుకే పట్టినంతసేపూ నాకు కంగారు పుట్టలేదు. కంటికి మత్తు ఇచ్చారు గాని చెవులకు ఇవ్వలేదు గదా. ఆఖర్లో డాక్టరమ్మ గొంతు వినిపించింది. "ఉంది. అనుకున్నచోటే ఉంది. కటకం రెండోది ఇవ్వండి" అంది, ఉప్పు అందివ్వమన్నంత మామూలుగా. తరవాత చెప్పింది: మచ్చ లేచాక దాని కింద వెనకపొరలో చిన్న గుండ్రటి కంత బయటపడింది. అప్పటికే మందు నింపి పెట్టుకుంది గనుక జిగురు ముందుకి రాలేదు. కటకాన్ని సంచి ముందు కూర్చోపెట్టింది. మూడు నెలలకోసారి రెటీనా చూపించుకోవాలి. నల్లతెరగాని, మెరుపులుగాని కనబడితే ఆ రోజే రావాలి. ఈ మాటలు ఒక కాగితం మీద తెలుగులో రాయించి అమ్మ చేతికే ఇచ్చింది.

మా పిల్లలిద్దరి కళ్ళూ చూశారు. అమ్మాయికి ఏమీ లేదు. అబ్బాయికి కుడికంట్లో ఆవగింజంత చుక్క ఉంది. దాని వల్ల చూపుకి ప్రస్తుతం ఏ లోటూ లేదు. ఏడాదికోసారి చూపిస్తే చాలన్నారు. వాడి ఓసీటీ బొమ్మ ఒకటి జాగ్రత్త చేశారు. వాడికి నా వయసు వచ్చేసరికి దానితో పోల్చి చూసుకోవచ్చు.

భోగి నాటికి నాకు కట్టు విప్పి వారం అయింది. నల్లద్దాలు పెట్టుకుని వసారాలో కుర్చీ వేసుకుని మంట చూస్తున్నాను. చాలా ఏళ్ళ తరవాత మంట చుట్టూ చిచ్చుబుడ్లు లేకుండా ఉత్త మంట కనబడింది. లోపల గిన్నె చప్పుడయింది. అమ్మ నువ్వులనూనె గోరువెచ్చగా కాచి, పీట తెచ్చి వేసి, అబ్బాయిని పిలిచింది. వాడు కాలేజీ కుర్రాడు. షాంపూ తప్ప తెలియదు. "నాకెందుకు నానమ్మా" అంటూనే వచ్చి కూర్చున్నాడు. మా ఆవిడ కుంకుడుకాయల గిన్నె చేతికిస్తూ నాకేసి చూసింది.

"కళ్ళు గట్టిగా మూసుకో" అంది అమ్మ వాడితో. నేను కుర్చీలోంచి లేవబోయాను. వెనక్కి తిరక్కుండానే అంది: "నువ్వటే కూచోరా అబ్బాయ్. నీకింకా నెల తిరగాలి."